అలసందలు, పొగబెట్టిన పంది మాంసం కూర: బీపీ, షుగర్ ఉన్న ఇంట్లో వారానికోసారి వండొచ్చా?

అడిగిన ప్రశ్న ఇది: "మేము నార్త్ కరోలినాలో ఉంటున్నాం. జనవరి 1న పక్కింటి పెద్దావిడ అలసందల్లో పొగబెట్టిన పంది కాలి ముక్క వేసి వండిన కూర, కార్న్ బ్రెడ్ తెచ్చి ఇచ్చారు. ఇంట్లో అందరికీ బాగా నచ్చింది. ఇకపై వారానికోసారి వండాలనుకుంటున్నాను. మావారికి బీపీ, మా అత్తగారికి షుగర్. ఇందులో పోషకాలు ఎంత? పొగబెట్టిన మాంసం క్యాన్సర్ తెస్తుందంటున్నారు, నిజమేనా? మాంసం బదులు టర్కీ వేస్తే మేలా? మూడు గంటలు ఉడికినా లోపల గులాబీ రంగులోనే ఉంది, ఉడికినట్టేనా? ఇదే కూర రాజ్మాతో స్లో కుక్కర్‌లో చేయొచ్చా?"

చేసుకోండి. వారానికోసారి తినడానికి ఏ ఇబ్బందీ లేదు, వండే తీరు కాస్త మార్చుకుంటే చాలు. మీవారి విషయంలో ఉప్పు చూసుకోవాలి, అత్తగారి విషయంలో అన్నం, కార్న్ బ్రెడ్ చూసుకోవాలి. అలసందలు మాత్రం ఇద్దరికీ మంచివే. నేను జార్జియాలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఈ కూర తిని పెరిగినవాళ్లే. "డాక్టర్ మానేయమన్నారు" అని బాధగా చెబుతుంటారు. అడిగి చూస్తే కుండ మొత్తాన్ని మానేసి ఉంటారు, అందులోని అలసందలతో సహా. అది చాలా నష్టం. అందుకే మీకు కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఈ వంట ఎక్కడిదో చెప్పాలి, ఎందుకంటే పోషకాల సంగతి దానితోనే ముడిపడి ఉంది. మనం అలసందలనీ బొబ్బర్లనీ పిలిచే ఈ గింజ పుట్టిల్లు ఆఫ్రికా. పశ్చిమ ఆఫ్రికాలో వేల ఏళ్లుగా పండిస్తున్నారు. అక్కడి మనుషులను బానిసలుగా ఓడల్లో అమెరికాకు తరలించిన కాలంలోనే ఈ గింజ కూడా కరోలినా, జార్జియా తీరాలకు చేరింది. మన రాయలసీమ చేలల్లో పండేదీ, మీ పక్కింటావిడ కుండలో ఉడికేదీ ఒకే పంట. వేడిని, నీటి ఎద్దడిని తట్టుకుంటుంది, నేలలో నత్రజనిని నిలబెడుతుంది. పత్తితో పీల్చి పిప్పి అయిన అమెరికా దక్షిణాది నేలలకు ఇది అవసరమని, తిండికీ మంచిదని, అలబామాలోని టస్కీగీలో వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ 1900ల తొలి ఏళ్లలోనే రైతులకు కరపత్రాలు రాసి మరీ చెప్పాడు.

ఇక పంది మాంసం. చలికాలం మొదలవగానే పందిని కోసి, ఉప్పు పట్టించి, హికరీ లాంటి కట్టె పొగలో వేలాడదీసి ఏడాదంతా వాడుకునేవారు. మంచి కండ ఉన్న భాగాలు యజమానుల ఇళ్లకు పోయేవి. దవడ, మెడ ఎముకలు, పాదం పైన ఉండే కీలు ముక్క లాంటివి పేదవాళ్ల కుండల్లోకి వచ్చేవి. ఈ కీలు ముక్కనే ఇక్కడ హామ్ హాక్ అంటారు. దానిలో కండ తక్కువ. చర్మం, ఎముక, నరాలే ఎక్కువ. రెండు మూడు గంటలు సన్నని సెగ మీద ఉడికితే అందులోని కొలాజెన్ అనే ప్రోటీన్ కరిగి జిలాటిన్‌గా మారి పులుసుకు చిక్కదనం, ఉప్పదనం, పొగ వాసన ఇస్తుంది. గోంగూరలో నాలుగు ఎండురొయ్యలు వేస్తే కూర మొత్తానికి ఎలా రుచి వస్తుందో ఇదీ అంతే. కుండెడు గింజలకు ఒక ముక్క.

పెద్దిళ్లలో కొలత వేరుగా ఉండేది. 1847లో సౌత్ కరోలినాలోని చార్లెస్టన్‌లో ఒక సంపన్న కుటుంబ స్త్రీ ప్రచురించిన వంటల పుస్తకంలో హాపింగ్ జాన్ అనే వంట ఉంది. అలసంద జాతికే చెందిన ఎర్ర గింజలు ఒక పైంటు (రెండు కప్పులు), బియ్యం ఒక పైంటు, బేకన్ ఒక పౌను, అంటే దాదాపు 450 గ్రాములు. గింజల బరువుకు ఇంచుమించు సమానంగా కొవ్వు మాంసం! ఇప్పుడు రెస్టారెంట్లలోనూ, చాలా యూట్యూబ్ వీడియోల్లోనూ కనిపించేది ఈ పెద్దింటి కొలతే. హాక్‌తో పాటు బేకన్, దాని పైన సాసేజ్, ఆ పైన సీజనింగ్ పొడి. డాక్టర్లు వద్దనేది దీన్ని. మీ పక్కింటావిడ ఇచ్చిన గిన్నెలో మాంసం ముక్కలు వెతికితే గానీ దొరక్కపోతే, ఆవిడ పాత పద్ధతిలో వండినట్టే.

ఇప్పుడు అంకెలు. ఉప్పు లేకుండా ఉడికించిన అలసందలు ఒక అమెరికన్ కప్పు అంటే సుమారు 170 గ్రాములు. అందులో దాదాపు 200 క్యాలరీలు, 13 గ్రాముల ప్రోటీన్, 35 గ్రాముల పిండిపదార్థం, అందులో కలిసే 11 గ్రాముల పీచు ఉంటాయి. కొవ్వు ఒక గ్రాము కూడా ఉండదు. ఇనుము 4 మిల్లీగ్రాములకు పైగా, పొటాషియం 475 మిల్లీగ్రాముల దగ్గర, మెగ్నీషియం 90 మిల్లీగ్రాములు. ఫోలేట్ (గర్భంలో బిడ్డ ఎదుగుదలకు కావలసిన బి విటమిన్) 350 మైక్రోగ్రాముల పైనే, అంటే పెద్దవాళ్లకు రోజుకు కావలసిన 400లో చాలా భాగం ఒక్క కప్పులోనే వస్తుంది. ఇంట్లో పిల్లల కోసం ప్లాన్ చేసుకుంటున్న వాళ్లుంటే ఈ ఒక్క కారణం చాలు కుండ పొయ్యి మీద పెట్టడానికి. సోడియం 10 మిల్లీగ్రాములు కూడా లేదు. మీ వారి బీపీకి సంబంధించినంతవరకు, తంటా అంతా గింజతో కాదు, దానికి మనం జత చేసేవాటితోనే.

పీచు గురించి ఇంకో మాట. అమెరికా వచ్చిన మన ఇళ్లలో నేను ఎక్కువగా చూసే లోటు ఇదే. పొద్దున బ్రెడ్డు, మధ్యాహ్నం తెల్లన్నం, రాత్రి మళ్లీ అన్నమో చపాతీయో. పప్పు ఉన్నా పల్చగా, రెండు గరిటెలు. పెద్దవాళ్లకు రోజుకు 25 నుంచి 38 గ్రాముల పీచు కావాలి. ఒక కప్పు అలసందలు అందులో మూడో వంతు ఇచ్చేస్తాయి. కరిగే రకం పీచు చెడు కొలెస్ట్రాల్‌ను కొంత తగ్గిస్తుంది, చక్కెర నెమ్మదిగా రక్తంలోకి వెళ్లేలా చేస్తుంది. అలవాటు లేనివాళ్లకు మొదట్లో కడుపు ఉబ్బరం వస్తుంది. రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలను మన పేగు అరిగించుకోలేదు, పెద్దపేగులోని బ్యాక్టీరియా వాటిని తిని గ్యాస్ పుట్టిస్తుంది. రాత్రి నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే కొంత తగ్గుతుంది. మొదటి రెండు మూడు వారాలు అరకప్పుతో సరిపెట్టుకోండి, పొట్టకు అలవాటవుతుంది.

ప్రోటీన్ విషయానికొస్తే, దాన్ని కట్టే ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల్లో లైసిన్ గింజల్లో దండిగా ఉంటుంది, మెథియోనిన్ తక్కువ. బియ్యంలోనూ మొక్కజొన్నలోనూ ఇది తారుమారుగా ఉంటుంది. రెండూ రోజులో ఎప్పుడు తిన్నా ఒకదాని లోటు ఒకటి పూడుస్తాయి. పంది ముక్క నుంచి వచ్చే ప్రోటీన్ మనిషికి నాలుగైదు గ్రాములకు మించదు. కానీ ఆ కాస్త మాంసం వల్ల గింజల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. నిమ్మరసం పిండుకున్నా, పక్కన టమాటా ఉన్నా అదే మేలు జరుగుతుంది. తిన్న వెంటనే టీ, కాఫీ తాగితే మాత్రం ఇనుము పట్టడం తగ్గిపోతుంది. మనవాళ్లకు భోజనం కాగానే టీ అలవాటు కాబట్టి చెబుతున్నాను, గంట ఆగి తాగండి.

ఈ గింజల విలువ దక్షిణాదికి తెలిసిన తీరు చాలా బాధాకరమైనది. 20వ శతాబ్దం మొదట్లో ఈ రాష్ట్రాల్లో పెల్లాగ్రా అనే జబ్బు వేలమందిని చంపింది. ఎండ తగిలే చోట చర్మం పగుళ్లు తేలి నల్లబడటం, విరేచనాలు, చివరికి మతి చెదరడం. అది అంటువ్యాధి అని భయపడి రోగులను వెలివేసిన ఊళ్లున్నాయి. 1914లో అమెరికా ప్రజారోగ్య శాఖ జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే డాక్టరును పంపింది. అనాథాశ్రమాల్లో, ఆసుపత్రుల్లో పిల్లలకు, రోగులకు జబ్బు వస్తోంది, వాళ్లను చూసుకునే నర్సులకు, ఉద్యోగులకు రావడం లేదు. అంటువ్యాధి అయితే అలా జరగదు. తేడా తిండిలో ఉందని ఆయన పట్టుకున్నాడు. పేదల పళ్లెంలో ఉండేవి మూడే: మొక్కజొన్న పిండి, ఉప్పు పట్టించిన పంది కొవ్వు, మొలాసెస్ పాకం. మిస్సిసిపీలోని జాక్సన్‌లో అనాథాశ్రమాల పిల్లలకు పాలు, గుడ్లు, తాజా మాంసంతో పాటు బీన్స్, బఠాణీ జాతి గింజలు పెట్టించాడు. జబ్బు పోయింది. ఆ లోటు నియాసిన్ అనే విటమిన్‌ది అని 1937లో తేలింది. అప్పటికి గోల్డ్‌బెర్గర్ చనిపోయి ఎనిమిదేళ్లు.

గమనించండి, పంది కొవ్వు, కార్న్ బ్రెడ్ ఆ పేదల పళ్లెంలో ముందు నుంచీ ఉన్నాయి. పాలు, గుడ్లు, తాజా మాంసం, గింజలు లేవు. కౌలు రైతులు గుమ్మం దాకా పత్తే వేయాల్సి వచ్చి, గింజలకూ కూరగాయలకూ చోటు లేకుండా పోయింది. ఎవరికి ఆవు ఉందో, ఎవరికి పెరడు ఉందో వాళ్లు బతికిపోయారు. అందుకే ఈ కూరలో మాంసాన్ని చూసి మురిసిపోయేవాళ్లకూ, మాంసాన్ని చూసి కుండనే వదిలేసేవాళ్లకూ నేను చెప్పేది ఒకటే: గింజల మీద చూపు పెట్టండి.

ఈ జబ్బుతో మనకూ సంబంధం ఉంది. హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధనా సంస్థలో డాక్టర్ సి. గోపాలన్ బృందం 1960 ప్రాంతంలో దక్కన్ పేదల్లో పెల్లాగ్రాను గుర్తించి రాసింది. అక్కడ మొక్కజొన్న కాదు, జొన్న. రోజూ జొన్న సంకటో రొట్టెనో తప్ప వేరే ఏదీ దొరకని కూలీలకు వచ్చింది. జొన్న చెడ్డదని కాదు, దాని పక్కన పప్పు, పాలు లేకపోవడమే దెబ్బ. తెలంగాణ పల్లెల్లో జొన్న రొట్టె పక్కన బొబ్బర్ల కూర తినడం ఎంత తెలివైన అలవాటో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక మీరు భయపడుతున్న మాంసం సంగతి. రెండు విషయాలున్నాయి, ఉప్పు ఒకటి, మాంసం నిలవ ఉండటానికి కలిపే నైట్రైట్ అనే రసాయనం ఒకటి. నా దృష్టిలో మీ ఇంటికి ఉప్పే పెద్ద సమస్య.

హామ్ హాక్‌ను పొగబెట్టే ముందు ఉప్పు నీళ్లలో ఊరబెడతారు. సోడియం కంపెనీని బట్టి చాలా మారుతుంది, కాబట్టి లేబుల్ చదవడం తప్పదు. ఉదాహరణకు 100 గ్రాములకు 1,000 మిల్లీగ్రాములు అనుకుందాం. చర్మం, కండ కలిసి 250 గ్రాములు ఉన్న ఒక ముక్కను ఒక పౌను ఎండు అలసందలతో వండారు, ఎనిమిది మందికి వచ్చింది. ముక్కలోని సోడియం అంతా పులుసులోకి దిగినా మనిషికి 310 దగ్గర ఆగుతుంది. మీ వారు రోజుకు 2,300 లోపు ఉండాలి, బీపీ ఉన్నవాళ్లకు 1,500 దగ్గరికి వస్తే ఇంకా మంచిది. కాబట్టి 310 అనేది భరించగలిగే అంకె. ఇప్పుడు కుండలో ఒక టీస్పూను ఉప్పు వేశారనుకోండి. టీస్పూను ఉప్పులో దాదాపు 2,300 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. మనిషికి మరో 290. నీళ్ల బదులు డబ్బాలో వచ్చే చికెన్ బ్రాత్ పోస్తే ఇంకో రెండు మూడు వందలు. పైన హాట్ సాస్ చల్లుకుంటే, చాలా బ్రాండ్లలో చెంచాకు 100 పైనే. పళ్లెం పక్కన ఆవకాయ. ఒక్క పూటలోనే వెయ్యి దాటిపోతుంది, మాంసం వాటా అందులో మూడో వంతు కూడా లేదు.

అందువల్ల నేను చెప్పే పద్ధతి ఇది. హాక్‌ను ముందు విడిగా నీళ్లలో 20 నిమిషాలు మరిగించి ఆ నీళ్లు పారబోయండి, పైపై ఉప్పు చాలావరకు పోతుంది. తర్వాత కొత్త నీళ్లు పోసి మెత్తబడేదాకా ఉడికించండి, పొయ్యి మీద రెండున్నర గంటలు, ప్రెషర్ కుక్కర్‌లో ముప్పావుగంట. ఈ పని ముందు రోజు చేసుకుంటే ఇంకా బాగుంటుంది. పులుసును ఫ్రిజ్‌లో పెడితే పొద్దుటికి కొవ్వు పైన తెల్లగా గడ్డకడుతుంది, దాన్ని గరిటెతో ఎత్తి పారేయండి. కింద జెల్లీలా మిగిలేది జిలాటిన్, అది ఉంచుకోండి. చర్మం తీసేసి, కండను చిన్న చిన్న పీచులుగా చీల్చి పెట్టుకోండి. ఉల్లిపాయ, క్యాప్సికం, సెలరీ కొద్ది నూనెలో వేయించి, వెల్లుల్లి, బిర్యానీ ఆకు, థైమ్, ఎండుమిర్చి పొడి వేసి, నానిన అలసందలు, ఈ పులుసు, సరిపడా నీళ్లు పోయండి. అలసందలకు నానబెట్టడం తప్పనిసరి కాదు, నానితే ముప్పావుగంటలో ఉడికిపోతాయి. ఉప్పు అసలు వేయొద్దు. గింజ మెత్తబడ్డాక రుచి చూసి, అప్పుడు కూడా చప్పగా అనిపిస్తే ముందు ఒక చెంచా వెనిగరో నిమ్మరసమో కలపండి. పులుపు తగిలితే నాలుక ఉప్పు అడగదు. టమాటా, వెనిగర్ మొదట్లోనే వేస్తే గింజ గట్టిగా ఉండిపోతుంది, అందుకే చివర్లో.

కొందరు ఉప్పు బదులు "లో సోడియం" ఉప్పు వాడతారు. అందులో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. మీవారు లిసినోప్రిల్, లోసార్టన్ లాంటి బీపీ మందులు వాడుతుంటే గానీ, కిడ్నీ సమస్య ఉంటే గానీ, డాక్టర్‌ను అడగకుండా ఆ ఉప్పు ముట్టుకోవద్దు. ఆ మందులు పొటాషియంను ఒంట్లోనే నిలబెడతాయి, పైనుంచి ఇంకా వేస్తే గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉంది. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లు ఈ కూర విషయంలోనూ తమ డైటీషియన్‌తో మాట్లాడాలి. గింజల పొటాషియం ఒకటైతే, కొన్ని హాక్‌లలో, హామ్‌లలో కలిపే సోడియం ఫాస్ఫేట్ ఇంకొకటి. లేబుల్‌లో ఫాస్ఫేట్ అనే మాట కనిపిస్తే వాళ్లు ఆ ప్యాకెట్ తీసుకోకూడదు. గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే కీళ్లవాపు) ఉన్నవాళ్లకు మాంసం తగ్గించి గింజలు ఉంచుకోమంటాను.

ఇక నైట్రైట్, క్యాన్సర్ భయం గురించి. 2015 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ ప్రాసెస్ చేసిన మాంసాన్ని, అంటే ఉప్పు, పొగ, నైట్రైట్ లాంటివి పట్టించి నిలవ చేసినదాన్ని, క్యాన్సర్ తెస్తాయని రుజువైన వాటి మొదటి వర్గంలో చేర్చింది. పొగాకూ అదే వర్గంలో ఉంది. దీన్ని చూసి "హామ్ తింటే సిగరెట్ తాగినట్టే" అని వాట్సాప్‌లో తిరుగుతోంది. ఆ వర్గం చెప్పేది సాక్ష్యం ఎంత గట్టిది అన్నది మాత్రమే, ప్రమాదం ఎంత పెద్దది అన్నది దాన్నిబట్టి తెలియదు. ప్రమాదం సంగతి వేరే అంకెలో ఉంది: రోజూ 50 గ్రాముల ప్రాసెస్ చేసిన మాంసం తినేవాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుంది. అంటే ఉన్న ముప్పు మీద 18 శాతం. జీవితకాలంలో వందలో నలుగురికి వచ్చేది, అయిదుగురికి దగ్గరవుతుంది. చిన్న విషయం అననుగానీ, మీ లెక్క చూడండి. నేను చెప్పిన పద్ధతిలో మనిషికి వారానికి 20 గ్రాముల కండ వస్తుంది, రోజుకు మూడు గ్రాములు. దానికి తోడు అదే గిన్నెలో 11 గ్రాముల పీచు ఉంది, పీచు ఎక్కువ తినేవాళ్లలో ఇదే క్యాన్సర్ తక్కువ. మీరు నిజంగా తగ్గించాల్సింది పిల్లల లంచ్ బాక్సుల్లో రోజూ వెళ్లే డెలి మాంసం, పొద్దుటి బేకన్, పెపరోనీ పిజ్జా. ఈ కుండ జోలికి రాకముందు వాటి సంగతి చూడండి. పేగు క్యాన్సర్ కుటుంబంలో ఉన్నవాళ్లు మాత్రం హాక్‌ను పూర్తిగా వదిలేయొచ్చు. స్మోక్డ్ పాప్రికా, బాగా వేగిన ఉల్లిపాయ, ఎండిన పుట్టగొడుగులు వేస్తే ఆ రుచికి చాలా దగ్గరగా వస్తుంది.

"అన్‌క్యూర్డ్", "నైట్రైట్ కలపలేదు" అని రాసినవాటికి ఎక్కువ డబ్బు పెట్టకండి. అందులో సెలరీ పొడి వాడతారు, సెలరీ నుంచి వచ్చేదీ నైట్రైటే. ఒంటికి తేడా తెలియదు.

టర్కీ సంగతి కూడా ఇంతే. ఇక్కడి నల్లజాతి కుటుంబాల్లో చాలామంది ఆరోగ్యం కోసం పంది బదులు పొగబెట్టిన టర్కీ రెక్కలు, మెడలు వేయడం మొదలుపెట్టారు. కొవ్వు తగ్గుతుంది, అది నిజం. పంది తినని ఇళ్లకు చక్కటి దారి. కానీ అదీ ఉప్పు నీళ్లలో ఊరినదే, నైట్రైట్ పట్టించినదే. టర్కీ అన్నారు కదా అని రెండు మూడు రెక్కలు వేస్తే ఉప్పు హాక్ కన్నా ఎక్కువైపోతుంది. కొలత అదే ఉంచండి, ముందు మరిగించి నీళ్లు పారబోయడం కూడా మానొద్దు.

డబ్బా అలసందలు వాడేరోజు జల్లెడలో పోసి నీళ్ల కింద బాగా కడగండి. వాటిలోని సోడియం మూడో వంతుకు పైగా కొట్టుకుపోతుంది.

అత్తగారి షుగర్‌కు వద్దాం. అలసందలు చక్కెరను మెల్లగా పెంచే రకం, ఆ విషయంలో దిగులు పడక్కర్లేదు. కానీ వాటిలో పిండిపదార్థం లేదనుకుని పళ్లెం నిండా అన్నం మీద పోసుకుంటే కుదరదు. కప్పు అలసందల్లో 35 గ్రాములు, కప్పు తెల్లన్నంలో 45 గ్రాములు, మొత్తం 80. దానికి తోడు కార్న్ బ్రెడ్ ముక్క. ఆవిడ వయసుకు అది ఒక్కపూటకు బాగా ఎక్కువ. ముప్పావు కప్పు అలసందలు, మూడో వంతు కప్పు అన్నం పెట్టండి, మొత్తం 40 గ్రాముల దగ్గర ఆగుతుంది. అన్నం పెట్టినరోజు కార్న్ బ్రెడ్ వద్దు, కార్న్ బ్రెడ్ తినాలనిపించినరోజు అన్నం వద్దు. ప్యాకెట్ మిక్స్‌తో చేసేవాటిలో చక్కెర ఉంటుంది, ఇంట్లో చక్కెర లేకుండా చేసుకోవచ్చు. పళ్లెంలో మిగతా సగం ఆకుకూరతో నింపండి. కొత్త సంవత్సరం రోజు ఇక్కడివాళ్లు అలసందలను నాణేలుగా, కొలార్డ్ ఆకును నోట్లుగా, కార్న్ బ్రెడ్‌ను బంగారంగా తలచి తింటారు. పోషకాల పరంగానూ ఆ జత బాగా కుదిరింది. కొలార్డ్స్ దొరక్కపోతే ఆవాకు, పాలకూర ఏదైనా సరే. ఆవిడ రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడుతుంటే మాత్రం ఆకుకూర వారం వారం ఒకే మోతాదులో ఉండాలి, ఉన్నట్టుండి పెంచకూడదు. ఇన్సులిన్ వేసుకుంటుంటే మొదటిసారి తిన్న రెండు గంటలకు ఒకసారి చక్కెర చూసుకోండి, మీ ఇంటి కొలత మీకే తెలిసిపోతుంది.

రాజ్మా విషయంలో ఒక హెచ్చరిక, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. న్యూ ఆర్లీన్స్‌లో సోమవారం రెడ్ బీన్స్ అండ్ రైస్ వండటం పాత ఆనవాయితీ. సోమవారం బట్టలుతుక్కునే రోజు కావడంతో, ఆదివారం తిన్న హామ్ ఎముకను గింజల్లో వేసి పొయ్యి మీద వదిలేసేవారు. ఆ ఊరివాడైన జాజ్ సంగీతకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తన ఉత్తరాల చివర ఈ కూర పేరు కలిపి సంతకం చేసేవాడు, అంత ప్రేమ. ఆ వంటలో వాడే రాజ్మా లాంటి ఎర్ర గింజల్లో ఫైటోహెమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లో తీవ్రమైన వాంతులు, ఆ తర్వాత విరేచనాలు పట్టుకుంటాయి. స్లో కుక్కర్‌లో నీళ్లు చాలాసేపు మరిగే స్థాయికి చేరవు. 80 డిగ్రీల దగ్గర ఉడికిన గింజలో ఈ విషం పచ్చి గింజలో కన్నా ఎక్కువగా కూడా ఉండొచ్చు. కాబట్టి రాజ్మాను కనీసం అయిదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట తెర్లేలా మరిగించాకే స్లో కుక్కర్‌లో వేయండి. మన ప్రెషర్ కుక్కర్‌లో మెత్తగా ఉడికిస్తే ఈ భయం లేదు. డబ్బా రాజ్మా ముందే ఉడికినవి, నేరుగా వాడొచ్చు. అలసందల్లో ఈ పదార్థం చాలా తక్కువ, అయినా గింజ ఏదైనా వేలితో నొక్కితే మెత్తగా నలగాలి.

మాంసం గులాబీ రంగులో ఉండటం గురించి అడిగారు. అది నైట్రైట్ పని. కండకు ఎర్ర రంగునిచ్చే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్‌తో కలిసి వేడికి చెదరని గులాబీ రంగునిస్తుంది. ఆరు గంటలు ఉడికించినా ఆ రంగు అలాగే ఉంటుంది. కండ ఎముక నుంచి దానంతట అదే ఊడొస్తే ఉడికినట్టే. పంది మాంసం అనగానే మనకు బద్దెపురుగు భయం ఉంటుంది. ఇన్ని గంటలు మరిగిన కుండలో అది బతకదు.

అసలు ప్రమాదం వండిన తర్వాత మొదలవుతుంది. చిక్కటి గింజల పులుసు పెద్ద కుండలో చల్లారడానికి చాలాసేపు పడుతుంది, ఆ గోరువెచ్చదనంలో క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా చకచకా పెరుగుతుంది. రాత్రంతా పొయ్యి మీద వదిలేసి పొద్దున మరిగిస్తే సరిపోతుందనుకోవద్దు. రెండు గంటల్లోపు వెడల్పాటి, లోతులేని గిన్నెల్లోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు నాలుగు రోజుల్లో తినేయండి, తినేముందు పొగలు కక్కేలా, 74 డిగ్రీలు దాటేలా వేడి చేయండి. మిగిలింది ఒక్కొక్కరికి సరిపడా డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకుంటే రెండు మూడు నెలలు నిలవ ఉంటుంది. అన్నంతో కలిపి ఫ్రీజ్ చేయకండి, గింజలు విడిగా, అన్నం ఏ పూటకాపూట. వారానికోసారి అన్నారు కాబట్టి, ఒకసారి హాక్‌తో వండితే, ఆ తర్వాతి వారం అదే కుండను మాంసం లేకుండా పాప్రికాతో వండి చూడండి. మీవారి బీపీ రీడింగులు రెండు వారాలవీ రాసిపెట్టుకుని పక్కపక్కన చూసుకుంటే, ఉప్పు ఎక్కడ తగ్గించాలో మీకే అర్థమవుతుంది.